మట్టికి మొఖం పెట్టని సింహం

ఆ రోజుల్లో మా వైపు కంప్యూటర్ అంటే ఒక యంత్రమని ఎవరూ అనుకునేవారు కాదు. అది చల్లగా ఉండే ఒక గది. లోపల ఏముందో, అది ఏం చేస్తుందో ఎవరికీ పట్టదు గానీ, దాని తలుపు తెరిస్తే వచ్చే గాలి గురించి మాత్రం మంచిర్యాల నుంచి శ్రీరాంపూర్ దాకా చెప్పుకునేవారు. ఇప్పుడు పిల్లలు అంతకన్నా పెద్ద కంప్యూటర్‌ను జేబులో వేసుకుని ఎండలో తిరుగుతుంటే నాకు జాలి వేస్తుంది. యంత్రం మిగిలింది, చల్లదనం పోయింది. తొంభైల మొదట్లో, శ్రీరాంపూర్ పోయే దారి పక్కన ఉన్న ఒక ఇనుప పోతల ఫ్యాక్టరీలో ఆ చల్లగదికి నేను అధిపతిని. పొద్దుగూకేసరికి అక్కడ పనిచేసే ప్రతివాడూ నెత్తి నుంచి పాదాల దాకా నల్లబడి ఇంటికి పోయేవాడు. నేను తెల్లచొక్కాతో వచ్చి తెల్లచొక్కాతోనే పోయేవాణ్ణి. అందుకు నన్ను ఎవరూ ప్రేమించలేదు.

మాది చెన్నూరు పక్కన గోదావరి ఒడ్డు ఊరు. గడి మాది. (గడి అంటే దొరల ఇల్లు. తెలియనివారి కోసం రాస్తున్నాను. తెలిసినవారు ఏమనుకుంటారో కూడా నాకు తెలుసు.) నేను పుట్టేనాటికే భూములు కొన్ని సీలింగు చట్టం కింద, కొన్ని కోర్టుల చుట్టూ, మిగిలినవి మా తాతగారి పేకముక్కల మధ్య పోయాయి. నాకు ఊహ తెలిసేనాటికి మాకు మిగిలింది నిటారుగా నడవడం ఒక్కటే. మంచిర్యాలలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటూ కూడా మా బాపు, ఎవరైనా వస్తే, ‘దివాన్‌ఖానల కూసోబెట్టు’ అనేవారు. దివాన్‌ఖానా అంటే గ్యాసు బండ లేని గది. మా వంశంలో జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ మాట బాపు నోట ఎన్నడూ రాలేదు. ‘మావోడు సేటుకు జర సలహాలిస్తుండు’ అనేవారు. ఆ సలహాల మీదనే మా పొయ్యి వెలిగేది.

సేటుది చొప్పదండి. బియ్యం మిల్లు నడిపి నడిపి విసుగొచ్చి, మూతపడబోతున్న ఈ పోతల ఫ్యాక్టరీని కొన్నాడు. బియ్యంలో రాళ్ళు ఏరినంత సులభంగా ఇనుములో బొక్కలు ఏరవచ్చని ఎవరో చెప్పారట. అది అంత సులభం కాదు. పోత పని పైకి చూస్తే ఏమీ లేదు. ఇసుకలో మూస చేస్తారు, బట్టీలో ఇనుము కరిగించి పోస్తారు, చల్లారాక ఇసుక పగలగొట్టి వస్తువు తీస్తారు. కష్టమంతా ఆ చల్లారడంలో ఉంది. పలుచగా ఉన్న భాగం ముందు గడ్డకడుతుంది. గడ్డకడుతూ కుంచించుకుపోయి, పక్కన ఇంకా ద్రవంగా ఉన్నచోటు నుంచి ఇనుమును లాక్కుంటుంది. మందంగా ఉన్న భాగం అందరికీ ఇచ్చి ఇచ్చి చివర్లో గడ్డకడుతుంది. అప్పటికి దానికి ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. పైకి నున్నగా, దిట్టంగా కనిపిస్తుంది గానీ కడుపులో బోలు. (మా కుటుంబ చరిత్రను ఇంత క్లుప్తంగా మరెవరూ చెప్పలేదు.)

ఆ బోలు ఎక్కడ వస్తుందో పోత పోయకముందే చెప్పడం మా కంప్యూటర్ పని. వస్తువు పటాన్ని చిన్న చిన్న చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరం నుంచి పక్కదానిలోకి, పక్కదాని నుంచి ఇసుకలోకి వేడి ఎంత పోతుందో లెక్కగట్టి, తెర మీద రంగులు వేసి చూపేది. చల్లారినచోట నీలం, చల్లారుతున్నచోట పసుపు, చివరిదాకా చల్లారనిచోట ఎరుపు. ఎరుపు ఎక్కడ మిగిలితే బోలు అక్కడ. ఒక్క లెక్కకు పొద్దంతా పట్టేది. నడుమ కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి. (రాష్ట్రానికంతా వెలుతురిచ్చే బొగ్గు మా కాళ్ళ కిందనే ఉండేది. అయినా కరెంటు మాకే పోయేది.)

యంత్రానికి దుమ్ము పడదని అమ్మినవాళ్ళు చెప్పిపోయారు. మిగతాది నేను చూసుకున్నాను. తలుపు మీద నా చేతిరాతతోనే బోర్డు పెట్టాను, ‘చెప్పులు బయట విడువవలెను’ అని. నిజానికి ఆ ఫ్యాక్టరీలో దుమ్ము చెప్పులతో వచ్చేది కాదు, మనిషి వెంట్రుకల నుంచి, చొక్కా మడతల నుంచి, చివరికి దగ్గు నుంచి కూడా వచ్చేది. అయినా పొద్దున్నే నా గది ముందు వరుసగా విడిచిన చెప్పులు చూస్తే, అసలే నిటారుగా ఉండే నా నడుము ఇంకొంచెం లేచేది.

ఆ వరుసలో ఎన్నడూ కనబడని జత ఒకటుండేది. అవి మేస్త్రి బూట్లు. మూసలు కట్టే పనికి అతను పెద్ద. మా ఊరివాడే. వాళ్ళ నాయన మా గడి గేటు ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడు. ఈయన మాత్రం బొగ్గుబావిలో తొడిగే బరువైన తోలుబూట్లు వేసుకుని, ఇసుకలో అచ్చులు పడేట్టు నడిచేవాడు. అవి అతని తమ్ముడివి. తమ్ముడు బావిలో నీళ్ళు తోడే పంపు దగ్గర పనిచేసేవాడు. పంపు పగిలి కాలు పోయింది. ‘వానికి ఒక్క బూటు సాలు. ఇంకోటి పారేస్తానికి మనసొప్పలే, రెండూ నేనే ఏసుకున్న’ అని చెప్పేవాడు, వినేవాళ్ళకు నవ్వాలో వద్దో తెలియకుండా.

‘లోపలికి రా మేస్త్రీ’ అంటే వచ్చేవాడు కాదు. ‘చిన్నదొరా, గడి కూలింది గని గడపను మాత్రం ఎంబడి తెచ్చుకున్నవు గదా! చెప్పులిడ్సుడు మా నాయినతోనే ఒడ్సింది. ఏమన్నుంటే ఈడ్నుంచే చెప్పు’ అని గది అద్దానికి అవతల నిలబడేవాడు. లోపల ఏసీ హోరు, బయట బట్టీ హోరు. అద్దానికి ఇటు నేను, అటు ఆయన గొంతులు చించుకునేవాళ్ళం. చూసేవాళ్ళకు మేం పోట్లాడుకుంటున్నట్టే ఉండేది. ఒక విధంగా నిజమే.

ఇక గేటు సంగతి. గడి కొన్నవాళ్ళు దాన్ని కూలగొడుతూ, గేటు తీసుకుపొమ్మని బాపుకు కబురు పంపారు. రెండు తలుపుల పోత ఇనుప గేటు. ఒక్కో తలుపు నడుమ పళ్ళెమంత సింహం మొహం. ఏనుగు వచ్చినా కదలదని పేరు. (ఏనుగు ఎన్నడూ రాలేదు.) మా దివాన్‌ఖానాలో అది పట్టదు. తుక్కువాడికి ఇవ్వడానికి బాపు ఒప్పుకోలేదు. ట్రాక్టర్ మీద తెప్పించి మా ఫ్యాక్టరీ వాకిట్లో గోడకు ఆనించి పెట్టించారు. ‘సేటూ, మా గేటు మీ తాన జర మెహమాన్ లెక్కుంటది. బట్టీల మాత్రం పడద్దు’ అన్నారు. సేటు చేతులు జోడించి, ‘ఎంత మాట దొరా, నాకు గేటు లేకనే పరేషానున్న’ అన్నాడు. మర్నాటి నుంచి ఒక వింత మొదలైంది. మా ఊరి నుంచి వచ్చి ఇక్కడే ఉంటున్న ముసలి కూలీలు సైకిళ్ళ మీద వస్తూ వస్తూ, గోడకు ఆనిన ఆ గేటు కనబడగానే గభాలున దిగేవాళ్ళు. నాలుగడుగులు నడిపించాక గుర్తొచ్చేది. ఒకరి మొహం ఒకరు చూసుకుని, ‘థూ, కాళ్ళకు ఇంకా భయం పోలేదురా’ అని నవ్వి మళ్ళీ ఎక్కేవాళ్ళు. మేస్త్రి మాత్రం సైకిల్ ఎక్కి, గేటు ముందు పనిగట్టుకుని ఒక చుట్టు చుట్టి, గంట కొట్టి లోపలికి వచ్చేవాడు.

ఆ ఎండాకాలం ఫ్యాక్టరీ పరిస్థితి చావుబతుకుల్లో పడింది. బొగ్గుబావికి పంపు కేసింగులు కావాలి. కేసింగంటే నీళ్ళు తిరిగే నత్తగుల్ల ఆకారపు ఇనుప డొల్ల. పాత యజమాని హయాంలో ఇక్కడ పోసిన కేసింగే బావిలో పగిలింది. అప్పటి నుంచి బావివాళ్ళు మా ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. సేటు కాళ్ళా వేళ్ళా పడితే ఒక్క అవకాశం ఇచ్చారు. ఒకే పటంతో రెండు నమూనాలు పోయాలి. అందులో ఒకదాన్ని కోసి చూస్తారు. లోపల బోలు కనబడితే ఇక ఈ జన్మలో అడగొద్దు. ‘గిది తప్పితే తాళమేసి చొప్పదండి పోత. మళ్ళ వడ్లు, తౌడు’ అని సేటు కండువాతో మొహం తుడుచుకున్నాడు. అందరూ తలలు వంచుకున్నారు. నేను వంచలేదు గానీ, మా ఇంటి పొయ్యి నా కళ్ళ ముందు ఒకసారి ఆరిపోయి కనిపించింది.

కేసింగ్ పటాన్ని చదరాలుగా విడగొట్టి కంప్యూటర్‌కు ఇచ్చాను. కరెంటు మాటిమాటికీ పోయి, చివరికి ఒక పొద్దు దయతలచింది. సాయంత్రానికి తెరంతా నీలమైంది, ఒక్కచోట తప్ప. గుల్ల వంపు వచ్చి పీఠాన్ని కలిసే మందమైన మూల దగ్గర, గోరంత ఎరుపు ఆరకుండా నిలిచిపోయింది. నేను తల తిప్పేసరికి అద్దానికి మొహం ఆనించి మేస్త్రి చూస్తున్నాడు.

‘గా ఎర్రగున్నదేంది?’ అని అరిచాడు.

‘అక్కడ బోలు వస్తుంది!’ అని నేనూ అరిచాను.

ఆయన తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు, బూట్లతోనే. నున్నటి నేల మీద నల్లటి అచ్చులు పడ్డాయి. ఆయన వాటిని చూసుకోలేదు. తెర దగ్గరికి వంగి, ఆ ఎర్రటి చుక్క మీద వేలు పెట్టబోయి, కాలుతుందేమో అన్నట్టు ఆపాడు.

‘గక్కడ్నే పగిలింది’ అన్నాడు మెల్లగా. ‘మా తమ్ముని కాలు కొట్టుకపోయిన కేసింగు. నేనే పోసిన దాన్ని. తుక్కుల పడ్డంక పోయి సూసిన. గీ మూలకే లోపట పిడికిలి పట్టేంత బొక్కుండె. నా చెయ్యి పెట్టి సూసిన.’

ఆపిన వేలును కంప్యూటర్ వైపు తిప్పాడు. ‘పొద్దంత కూసోని నీ డబ్బా గీ ముక్క చెప్పిందా? జర ముందుగాల పుడితే ఏంబోయేనో దీనికి.’

చేయవలసిన పని చెప్పాను. ఆ మూల దగ్గర మూసలో ఇసుకకు బదులు ఇనుప బిళ్ళ పెట్టాలి. పోత ఇనుము దానికి తగలగానే వేడిని అది గబగబా పీల్చుకుంటుంది. అప్పుడు మందమైన మూల కూడా మిగతావాటితో పాటే గడ్డకడుతుంది. బిళ్ళ కరగదు, ఇసుకతో పాటు ఊడి వస్తుంది. దాన్ని చిల్ అంటారు. ఏ సైజు బిళ్ళ కావాలో కూడా కంప్యూటర్‌తో లెక్క కట్టించాను. పళ్ళెమంత వెడల్పు, రెండు వేళ్ళ మందం. అలాంటి బిళ్ళ ఫ్యాక్టరీలో ఎక్కడా లేదు. కొత్తది చేయించేంత వ్యవధి లేదు. మేస్త్రి నన్ను చూడకుండా అద్దంలోంచి వాకిటివైపు చూశాడు. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. గోడకు ఆనిన గేటు మీద రెండు సింహాలు నిశ్చింతగా ఉన్నాయి.

బాపును అడగడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ‘కరిగించరు బాపూ, మూసలో పెట్టి తీస్తారు అంతే’ అన్నాను. ఆయన ‘అంటే మన సింహం లేకుంటే వాళ్ళ పంపు నడువదన్నట్టు’ అన్నారు. అవునన్నాను. ‘ఐతే నేనుండంగ పెట్టాలె’ అన్నారు. మర్నాడు ఇస్త్రీ ధోవతి, చేతికర్రతో ఫ్యాక్టరీకి వచ్చి, సేటు వేయించిన కుర్చీలో బట్టీకి ఎదురుగా కూర్చున్నారు. మేస్త్రి సింహాలను గేటు నుంచి విడదీసి, తుప్పు గీకి, తడి లేకుండా నిప్పుల మీద కాచి తెచ్చాడు. వెనకవైపు నున్నగా ఉంది. ఆ నున్నటివైపు పోత ఇనుముకు తగలాలి, బొమ్మ ఉన్నవైపు ఇసుకలోకి పోవాలి. ఆ ప్రకారమే మేస్త్రి సింహాన్ని బోర్లా తిప్పి ఇసుకలో ఒత్తబోయాడు.

‘ఆగు!’ బాపు కర్ర నేలకేసి కొట్టారు. ‘మన సింహం మొఖం మట్టికి పెట్టుడా? తాతల కాలం నుంచి గది ఎవ్వని ముందట తల దించలే. మల్పు. మొఖం మీదికి పెట్టు.’

బట్టీ దగ్గరివాళ్ళు కూడా పని ఆపి చూశారు. నా లెక్క ప్రకారం బిళ్ళ నున్నగా ఉండాలి. బొమ్మ పైకి ఉంటే ఆ బొమ్మంతా కేసింగ్ మీద అచ్చుపడుతుంది. బావివాళ్ళ పటంలో సింహం లేదు. ఈ సంగతి బాపుకు చెప్పాలి. కానీ అంతమంది ముందు బాపు మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరూ చేయని పని. నేను మేస్త్రివైపు చూశాను, ఆయనైనా అంటాడని. మేస్త్రి మీసాల్లో నవ్వాడు. ‘పెద్దదొర హుకుం. మనమెంత?’ అని, చిన్నప్పటి నుంచి దాచుకున్నంత మర్యాదగా వంగి, రెండు సింహాలనూ తిప్పి, మొహాలు పైకి పెట్టాడు. ఆ వంగడంలో ఎంత ఎకసెక్కం ఉందో బాపుకు తెలియలేదు. తృప్తిగా తలాడించారు. ఇనుము పోశారు. ఎర్రటి ధార మూసలోకి దిగుతుంటే, మా వంశం మొహం మీద కాగిన ఇనుము పోయడం నేను నిటారుగా నిలబడి చూశాను.

చల్లారాక ఇసుక కొట్టి తీశారు. సుత్తితో తట్టగానే సింహం బిళ్ళలు ఊడి పడ్డాయి, కొంచెం నల్లబడి. రెండు కేసింగుల మూలల్లోనూ సింహం మొహం ఉంది, కానీ లోపలికి తిరిగి. ముక్కు ఉండవలసినచోట గుంట, నోరు ఉండవలసినచోట గడ్డ. సేటు తల పట్టుకున్నాడు. ‘దొరా, పంపు అడిగిండ్రు, దేవుని పటం గాదు! ఏం జెప్పాలె నేను?’ బాపు మాత్రం కుర్చీలోంచి లేచి కేసింగ్ చుట్టూ ఇటొకసారి అటొకసారి నడిచారు. ఆయన కండ్లు మెరిశాయి. ‘చూడుండ్రి, చూడుండ్రి. ఎటు పోతే అటు మల్లి చూస్తున్నది!’ నిజమే. గుంటపడిన మొహానికి ఆ మాయ ఉంటుంది. చూసేవాడు కదిలితే అదీ తిరిగినట్టు కనిపిస్తుంది. కూలీలు కూడా వరుసగా వచ్చి కేసింగ్ ముందు అటూ ఇటూ నడిచి చూశారు. ఫ్యాక్టరీ మూతపడబోతున్నప్పుడు ఇంతమంది ఇంత శ్రద్ధగా నడవడం నేను అంతకుముందు చూడలేదు.

బావి నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. మాట తక్కువ మనిషి. సింహాన్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ‘ఇదేంది?’

‘కంపెనీ మార్కు సార్’ అన్నాడు సేటు, తడుముకోకుండా.

అధికారి సుద్దముక్కతో ఆ మూల మీద నిలువునా గీత గీశాడు. సరిగ్గా సింహం నుదుటి నుంచి గడ్డం దాకా. ‘ఇక్కడ కోయండి’ అన్నాడు. రంపం మొదలైంది. బాపు ఆ రోజు రాలేదు, అదొక్కటే నా అదృష్టం. ఇనుము కోయడం మెల్లగా సాగే పని. ఆ చప్పుడు పళ్ళలోకి దిగేది. మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆ మూల రెండుగా విడిపోగానే అధికారి కన్నా ముందు ఆయనే వంగి, కోసిన ముఖం మీద బొటనవేలు పైనుంచి కిందికి నడిపించాడు. మళ్ళీ కింది నుంచి పైకి. ఎక్కడా ఆగలేదు. వెండిలా మెరుస్తూ గట్టి ఇనుము.

‘ఏం లేదు’ అన్నాడు. ‘బొక్క లేదు. ఏం లేదు.’ ఆ రెండు మాటలే తిప్పి తిప్పి అంటూ, బూట్లు ఈడ్చుకుంటూ ఇసుక కుప్ప వెనక్కి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చినప్పుడు ఆయన మొహం మీద మసి చారలు చారలుగా చెదిరి ఉంది. అందరం ఇంకెటో చూశాం.

ఆర్డరు వచ్చింది. దానితో పాటు అధికారి ఒక మెలిక పెట్టాడు. ఆమోదించిన నమూనా ఎలా ఉందో మిగతావన్నీ సరిగ్గా అలాగే ఉండాలి, మార్కుతో సహా. కాబట్టి ప్రతి పోతకూ మా సింహాలే కావాలి, మొహం పైకి పెట్టి. బాపు ఇది విని ‘మరి?’ అన్నారు, అంతే. ఆ ఒక్క మాటతో ఆయన పోయిన భూములన్నీ తిరిగి గెలుచుకున్నట్టు కనిపించారు.

కానీ కాగిన ఇనుము ఎవరి వంశమూ చూడదు. పోత పోతకూ సింహం కొంచెం కొంచెం అరిగింది. మొదట జూలు పోయింది, తర్వాత కోరలు. వానాకాలం మధ్యకు వచ్చేసరికి అది పిల్లిలా ఉందని కూలీలు అన్నారు. తర్వాత ఎవరో పెద్దమనిషిలా ఉందన్నారు. చివరికి రెండు కండ్ల గుర్తులు మాత్రం మిగిలాయి. సాయంత్రం ఇంటికి రాగానే బాపు అడిగేవారు, ‘సింహమెట్లున్నది?’ నేను ‘బాగున్నది’ అనేవాణ్ణి. ముందు ఒకటి పగిలింది, ఒకరోజు రెండోది కూడా నడిమికి పగిలింది. మేస్త్రి ఆ ముక్కలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బూట్లతోనే వచ్చాడు, ఆ రోజుల్లో అందరూ అలాగే వచ్చేవాళ్ళు. బోర్డు ఎప్పుడు ఊడిపోయిందో నాకు గుర్తులేదు. కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. ‘మంచిగ పనిజేసింది చిన్నదొరా’ అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని చూశాను. చేయడం లేదు. నున్నటి బిళ్ళలు అప్పటికే వచ్చాయి. అధికారి మారిపోయాడు, మార్కు సంగతి మళ్ళీ ఎవరూ అడగలేదు. ‘బాగున్నది’ అని నేను మాత్రం బాపుకు ఆయన పోయేదాకా చెబుతూనే ఉన్నాను. అది అబద్ధమని నేను అనుకోను. అప్పటికి కేసింగుల మీది సింహాలు బావిలో, చీకట్లో, నీళ్ళ నడుమ తమ పని తాము చేస్తూనే ఉన్నాయి.

మొన్నీమధ్య శ్రీరాంపూర్ వైపు పనిమీద వెళ్ళి, బోరు పైపు ముక్క కోసం ఒక తుక్కు దుకాణంలోకి దిగాను. ఎన్నో ఏళ్ళ బావి సామాను అక్కడ గుట్టలుగా పడి ఉంది. నడుమ ఒక పంపు కేసింగ్, లోపలి గోడలు అరిగి, అంచులు తుప్పుపట్టి. ఎక్కడా పగల్లేదు. మందమైన మూలలో సింహం, మొదట్లో పోసినదే అయి ఉండాలి, జూలు, కోరలు అన్నీ ఉన్నాయి. ముక్కు గుంటలో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. నేను ఎడమవైపు జరిగాను, చూసింది. కుడివైపు జరిగాను, చూసింది. ఎంతసేపు అలా అటూ ఇటూ నడిచానో తెలియదు. దుకాణం మనిషి వెనక నుంచి కేకేశాడు.

‘ఓ సారూ! చెప్పులేసుకోండ్రి. అంత ఇనుమున్నది, కాళ్ళల్ల గుచ్చుకుంటది.’

కిందికి చూసుకున్నాను. నా చెప్పులు రెండూ ఆ కేసింగ్‌కు నాలుగడుగుల దూరంలో, పక్కపక్కన, బుద్ధిగా విడిచి ఉన్నాయి. ఎప్పుడు విడిచానో నాకే తెలియదు. పాదాలు నల్లగా అయ్యాయి. చుట్టూ చూశాను. నవ్వడానికి మేస్త్రి లేడు. ఆయన బదులు నేనే నవ్వుకుని, నడుము వంచి చెప్పులు తొడుక్కున్నాను.